చేతిలోని యాట: టీకా తాత్పర్య సహితము

మూలము (ఆటవెలది)

చేతిలోని యాట చిన్న డబ్బాలోన
గోడ టీవి మీద కొలువు దీరె;
కార్డు వేరె యంట కాసులు వేరంట;
హోము వర్కు మాట యొకటి గలదు.

అవతారిక

అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లలో శాసనాలు రాతి మీద చెక్కరు, ఫ్రిజ్ తలుపుకు అంటిస్తారు. పళ్ల డాక్టరు అపాయింట్‌మెంటు, స్కూలు సెలవుల పట్టిక, ఇండియన్ స్టోరు నుంచి తేవాల్సిన కందిపప్పు, కరివేపాకుల జాబితా, అన్నీ అక్కడే అయస్కాంతాల కింద వేలాడుతుంటాయి. ఈ పద్యం టెక్సస్‌లోని ఒక ఇంట అలాంటి జాబితా వెనక వైపు దొరికింది. కవి పేరు లేదు. నాలుగో పాదం చదివినవారికి కర్త ఇల్లాలే అని వేరే చెప్పనక్కర్లేదు. రచనాకాలం 2014 డిసెంబరు. ఆ అక్టోబరు 14న సోనీ కంపెనీ అమెరికాలో ప్లేస్టేషన్ టీవీ అనే పెట్టెను 99 డాలర్ల 99 సెంట్లకు విడుదల చేసింది. క్రిస్మస్ సెలవులకు అది ఇల్లు చేరింది. సెలవులయ్యాక ఇవ్వాల్సిన హోంవర్కూ దాంతోపాటే చేరింది.

మెదక్ సీమ కొలిచెలమ మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి ఒట్టు మేమూ పాటిస్తాం. రెండోది పాటిస్తే ఈ వ్యాఖ్య ఇక్కడే ముగించాలి.

ప్రతిపదార్థము

చేతిలోని = రెండు అరచేతుల మధ్య పట్టే; ఆట = ప్లేస్టేషన్ వీటా అనే చేతియంత్రం కోసం చేసిన గేము; చిన్న డబ్బాలోనన్ = పేకముక్కల పెట్టె కన్నా కాస్త పొడుగైన పెట్టెలో (చేరి); గోడ టీవి మీదన్ = హాల్లో గోడకు బిగించిన 50 అంగుళాల టీవీలో; కొలువు దీరెన్ = సభ చేసింది; కార్డు = దీని అర్థం మీద తగవు ఉంది, విశేషాల్లో చూడండి; వేరె యంట = విడిగా కొనాలట; కాసులు = డాలర్లు; వేరంట = అవీ విడిగానేనట; హోము వర్కు మాట = ఇంటిపని ప్రస్తావన; ఒకటి = ఇంకొకటి; కలదు = ఉన్నది.

తాత్పర్యము

చేత్తో పట్టుకుని ఆడే గేము చిన్న పెట్టెలోకి చేరి, అక్కణ్ణించి తీగ పట్టుకుని టీవీకెక్కి, రాజుగారిలా కొలువు తీర్చింది. పెట్టె కొన్నంత మాత్రాన సరిపోదట, కార్డు విడిగా కొనాలట, దానికి డబ్బూ విడిగా కావాలట. ఇంతకీ, హోంవర్కు అనేది ఒకటుందని ఈ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా?

విశేషములు

1. "చేతిలోని". పద్యం చేతితో మొదలవడంలోనే కవయిత్రి నేర్పు ఉంది. వీటా అమెరికాకు 2012 ఫిబ్రవరిలో వచ్చింది. 5 అంగుళాల తెర, దాని మీద అడ్డంగా 960, నిలువుగా 544 చుక్కలు. తెర తాకితే పలుకుతుంది. యంత్రం వెనక కూడా వేళ్లతో రాయడానికి టచ్‌ప్యాడ్ ఉంది. ముందొకటి, వెనకొకటి కెమెరాలు. యంత్రాన్ని పక్కకు వంచితే పసిగట్టే సెన్సర్లు. అంటే ఈ ఆటలో కళ్లకెంత పనో చేతికీ అంత పని. 2013లో వచ్చిన టేర్‌అవే అనే గేములో వెనక టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే, తెరలోని కాగితపు లోకం చించుకుని ఆ వేలే లోపలికి వచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక టీవీ పెట్టె సంగతి. దీనికి తాకే తెర లేదు, వెనక పలక లేదు, కెమెరాలు లేవు, వంపు తెలియదు. టీవీని వంచే ధైర్యం ఎవరికీ లేదు, టీవీ వెనక వేలు పెడితే తగిలేది దుమ్మే. అందుకే టేర్‌అవే ఈ పెట్టెలో నడవలేదు. వీటాతో పాటే పుట్టిన అన్‌చార్టెడ్: గోల్డెన్ అబిస్ కూడా నడవలేదు. తెరను తాకాల్సిన గేములు కొన్నిట్లో మాత్రం కంట్రోలర్ నొక్కి వేలిగుర్తును తెర మీద జరుపుకోవచ్చు. అది చెంచాతో గోరుముద్ద తినిపించడం లాంటిది. చేతి ఆటను గోడకెక్కించినవారు చెయ్యిని కిందే వదిలేశారని ఈ మొదటి మాటకు ధ్వని.

2. "డబ్బాలోన". ఇక్కడ ఛందోవిశేషం ఒకటి సహృదయులు గమనించాలి. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. చేతి, లోని, యాట అన్నవి సూర్యగణాలు. మిగిలిన రెంటినీ విడదీస్తే "చిన్నడ" అని ర గణం, "బ్బాలోన" అని త గణం వస్తాయి. డబ్బా సరిగ్గా నడిమికి చీలిపోయింది! సగం చేతి వైపు, సగం టీవీ వైపు. ఆ పెట్టె జాతకం అంతా ఈ గణవిభజనలోనే ఉంది. ఇది కవయిత్రి ఉద్దేశించి చేసిందా, అలా పడిందా అని అడగరాదు. వ్యాఖ్యాతల దగ్గర ఆ ప్రశ్న చెల్లదు.

కొలత చూద్దాం: పొడవు పదిన్నర సెంటీమీటర్లు, వెడల్పు ఆరున్నర. అమ్మమ్మ దీన్ని తొలిచూపులో వక్కల డబ్బా అనుకుని మూత కోసం వెతికింది.

నామభేదం: జపాన్‌లో ఇది ముందే, 2013 నవంబరు 14న వచ్చింది. అక్కడ పేరు ప్లేస్టేషన్ వీటా టీవీ. అమెరికాకు వచ్చేసరికి నడుమ "వీటా" లోపించింది. లాటిన్‌లో వీటా అంటే జీవితం. పేరులోంచి జీవం తీసేసి ఓడ ఎక్కించారన్నమాట. తరువాతి కథకు ఇది సూచన అని శకునజ్ఞుల మతం. మనవాళ్లకిది కొత్త కాదు. అమెరికాలో దిగగానే సగం పేరు పోగొట్టుకోనివారు మనలో ఎందరు?

3. "కొలువు దీరె". చేతి యంత్రం రహస్యజీవి. దుప్పటి కింద, కారు వెనక సీట్లో, గుడిలో ఉపన్యాసం సాగేటప్పుడు స్తంభం చాటున ఆడుకోవచ్చు. 5 అంగుళాల తెరను ఒక్క ముఖమే కప్పేస్తుంది. అదే గేము 50 అంగుళాల టీవీకెక్కితే బొమ్మ విస్తీర్ణం నూరు రెట్లు. చుక్కలు మాత్రం కుర్రాడి చేతికోసం లెక్కపెట్టి వేసినవే, కాబట్టి వీరుడి ముఖం కాస్త అలుక్కుపోయిన ముగ్గులా ఉంటుంది. అయినా ఊరందరికీ కనిపిస్తుంది.

అందుకే కవయిత్రి "వచ్చె" అనలేదు, "వెలిగె" అనలేదు, "కొలువు దీరె" అంది. కొలువంటే సభాసదులుండాలి. సోఫాలో ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మమ్మ ఉంది. ఆవిడ సీరియలు వేళ దాటిపోతోంది. "ఒరేయ్ నాన్నా, ఆ కత్తివాడు మనవాడేనా?" అని ఆవిడ అడుగుతుంది. "మనవాడే అమ్మమ్మా." "మరి అంతసేపు గోడకేసి గుద్దుకుంటాడేంట్రా?" దుప్పటి కింద ఎన్ని వందలసార్లు గోడకు గుద్దుకున్నా అడిగేవారు లేరు. కొలువులో ప్రతి ఓటమికీ ఒక సాక్షి.

పూర్వప్రయోగాలు: చేతి ఆటను టీవీకెక్కించే ఊహ సోనీ వారి సొంతం కాదు. నింటెండో గేమ్ బాయ్ అమెరికాలో 1989లో వచ్చింది. 1994లో దానికి సూపర్ గేమ్ బాయ్ అనే క్యాసెట్ తోడయింది. గేమ్ బాయ్ క్యాసెట్‌ను ఈ క్యాసెట్‌లో దోపి, దీన్ని సూపర్ నింటెండోలో దోపాలి, బావిలో బకెట్టు, బకెట్టులో చెంబు అన్నట్టు. గేమ్ బాయ్ బొమ్మ వెడల్పు 160 చుక్కలు, ఎత్తు 144. టీవీ తెరకది చాలక చుట్టూ ఫొటోఫ్రేము లాంటి అంచు కట్టారు. నాలుగు ఛాయల బొమ్మకు రంగులద్దారు. ఆ క్యాసెట్‌లో గేమ్ బాయ్ మెదడునే పెట్టారు గానీ, గడియారం మాత్రం సూపర్ నింటెండోదే కావడంతో ఆట నూటికి రెండున్నర వంతుల దాకా వేగంగా నడిచేది. చేతిలో ఉన్నప్పటికన్నా టీవీ మీద కాలం త్వరగా గడుస్తుందని ఆ సిలికాన్‌కు కూడా తెలుసు. 2003లో గేమ్‌క్యూబ్ కింద పీటలా అమరే గేమ్ బాయ్ ప్లేయర్ వచ్చింది.

ప్రత్యుదాహరణ: 1995లో సెగా వారు నోమాడ్ పేరుతో టీవీ ఆటను చేతిలోకి దింపారు. అది దేవుణ్ణి ఊరేగింపుకు తీసుకెళ్లడం లాంటిది. మన పద్యంలోది పల్లకిని గర్భగుడిలో పెట్టడం.

4. "కార్డు". ఈ ఒక్క పదం దగ్గర వ్యాఖ్యాతలు నాలుగు చీలికలయ్యారు.

మెమరీ కార్డు అని కుమారుడి పక్షం. శబ్దార్థం ఇదే. పెట్టెలో సొంతంగా ఉన్నది 1 జీబీ మాత్రమే. గేములు దించుకోవాలంటే కార్డు కావాలి. కెమెరాలో ఉన్నది తీసి పెడదామంటే పట్టదు, సోనీ వారు వీటా కోసమే ప్రత్యేకంగా చేసిన కార్డు కావాలి. 2012లో వీటా అమెరికాలో అడుగు పెట్టినప్పుడు ఆ 32 జీబీ కార్డు ధర 100 డాలర్లు. రెండేళ్ల తర్వాత వచ్చిన ఈ పెట్టె ధరా అదే. గుర్రం ఎంతో జీను అంత అన్నమాట. కంట్రోలరు, 8 జీబీ కార్డు, ఒక లెగో గేము కలిపి 139 డాలర్ల 99 సెంట్లకు ఇంకో కట్టను కూడా అమ్మారు. తెలుగువాడు సహజంగా కట్ట వదిలేసి విడిపెట్టెనే కొంటాడు, అది 40 డాలర్లు చవక కాబట్టి.

క్రెడిట్ కార్డు అని తండ్రి పక్షం. "కాసులు" పక్కనే ఉన్నందున సందర్భం వీరి వైపుంది. రిపోర్టు కార్డు అని తల్లి పక్షం. నాలుగో పాదంతో పొత్తు కుదురుతుంది గనక దీన్నీ కొట్టిపారేయలేం. గ్రీన్ కార్డు అని పక్కింటి అంకుల్ పక్షం. ఆయన ఏ పద్యానికైనా ఇదే అర్థం చెబుతారు గనక దాన్ని పక్కన పెడుతున్నాం. మిగిలిన మూడర్థాలకూ శ్లేష అని మా నిర్ణయం.

5. "అంట". ఒకే పాదంలో రెండుసార్లు. పునరుక్తి దోషమేమో అని శంక. కాదు. అంట అన్నది విన్నమాటను చెప్పే తెలుగు ముక్క. దాన్ని వాడినవారు ఆ మాటకు పూచీ పడరు. అట్టపెట్టె మీది సన్నక్షరాలు చదివింది కొడుకు. తల్లికి చెప్పింది వాడు. తండ్రికి చేరవేస్తున్నది తల్లి. మొదటి "అంట"లో కొడుకు మీద అనుమానం, రెండోదానిలో పెట్టె చేసినవాడి మీద కోపం. రెండు రసాలకు రెండు అంటలు.

6. "గలదు". ఈ పద్యానికి ప్రాణం ఇక్కడుంది. "హోంవర్కు చెయ్యి" అంటే అది ఆజ్ఞ, కొడుకు ఎదురు చెబుతాడు. "చేశావా" అంటే అది ప్రశ్న, వాడు "ఆల్‌మోస్ట్" అంటాడు. "ఒకటి గలదు" అంటే అది కేవలం వార్త. వార్తకు ఎదురు చెప్పడం ఎవరి తరం? ఆనందవర్ధనుడు వస్తుధ్వని అన్నది దీన్నే. పైకి ఉన్నదాన్ని ఉందనడం. లోపల, టీవీ కట్టెయ్. హో–యొ అక్షరాలకు యతి ఎలా కుదిరిందని అడిగేవారికి సమాధానం: హకార యకారాలకూ అచ్చులకూ మైత్రి ఉందని లాక్షణికులు ఒప్పుకున్నారు. హోంవర్కుకూ ఆటకూ ఏ లాక్షణికుడూ మైత్రి చెప్పలేదు.

పూర్వపక్షము, సిద్ధాంతము

ఈ పెట్టె మంచిదే గదా, చవక గదా, చిన్న తెరకు కళ్లప్పగించి మెడలు వంచే పిల్లవాడు నిటారుగా కూర్చుంటాడు గదా, మరి ఎందుకు నిలవలేదు అని పూర్వపక్షం.

చెబుతున్నాం. 2016 గడిచేలోగా అది అంగళ్లలోంచి తప్పుకుంది. వీటా తయారీ కూడా 2019లో ఆగింది. మరి అదే ఊహతో 2017 మార్చి 3న నింటెండో స్విచ్ వచ్చి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయిందే? ధర 299 డాలర్ల 99 సెంట్లు, మూడు రెట్లు! భేదం ఒక్కటే. స్విచ్ టీవీ ఎదుట గూట్లో కూర్చుంటుంది, అమ్మ పిలిస్తే గూట్లోంచి లేచి ఆటతో సహా చేతిలోకి వచ్చేస్తుంది. గోడకెక్కినా చెయ్యిని వదల్లేదు. మన పెట్టె గోడకెక్కాక దిగడం మరిచిపోయింది. చేతి ఆట అనగా బొమ్మ చిన్నదని కాదు, చేతికి అందేదని అర్థం. ఇదే సిద్ధాంతం.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని ఆదివారం సాయంత్రం పారాయణ చేసే తల్లులకు సోమవారం ఉదయం టీచర్ల ఈమెయిళ్లు రావు. కొనబోయే ముందు చదివే తండ్రులకు కార్డుల ఖర్చు తెలుస్తుంది. ఆడబోయే ముందు చదివే పిల్లలకు ఫలమేమీ లేదు, వాళ్లు చదవరు కాబట్టి.

డబ్బా ఇప్పుడు సొరుగులో పాత ఛార్జర్ల కింద ఉంది. కార్డు దాని లోపలే ఉండిపోయింది. ఆడినవాడు కాలేజీకి వెళ్లిపోయాడు. గోడ మీది టీవీలో అమ్మమ్మ సీరియలు నడుస్తోంది. మొదటి మూడు పాదాలకూ కాలం చెల్లింది. నాలుగోది తమ్ముడి కోసం ఫ్రిజ్ మీద అలాగే ఉంది.