ఆసామి మారమన్నాడు

సిరిసిల్ల బీవై నగర్‌ సందుల్లో పుట్టి పెరిగిన మనిషిని ఎక్కడున్నా గొంతును బట్టి గుర్తుపట్టొచ్చు. సాంచాల (మరమగ్గాల) చప్పుడు మీద మాట వినపడాలని చిన్నప్పటి నుంచి అరిచి అరిచి, హైదరాబాద్‌లో చుట్టాలింటికి పోయినా మంచినీళ్లు అరిచే అడుగుతాడు. మన ఆసామిదీ అదే గొంతు. పేరు చెప్పను. చెబితే ఈ ఊళ్లో కనీసం వందమంది అది తమ గురించేనని కొట్లాటకొస్తారు.

ఆసామి అంటే సాంచాలు అతనివి, నూలు అతనిది కాదు. నూలు సేటుది, నేసిన బట్టా సేటుదే. నడిపే చేతులు కార్మికులవి, కండెలు చుట్టే చేతులు ఆడవాళ్లవి. కరెంటు బిల్లు, షెడ్డు రిపేరు, అందరి తిట్లు మాత్రం అచ్చంగా ఆసామి సొంత ఆస్తి. యజమానుల మీటింగుకు పోతే వెనక కుర్చీ చూపిస్తారు. కార్మికుల ధర్నాకు పోతే "నువ్వెందుకొచ్చినవే?" అంటారు.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన మాట "మారాలె". కూలి పెంచమన్నవాడికి అదే జవాబు, కరెంటు పోయినా అదే, కొడుకు ఇంటర్ తప్పినా అదే. ఆయన మాత్రం మారడు. భివండి నుంచి సెకండ్‌హ్యాండులో తెచ్చిన సాంచాలు ఆయన పెళ్లికంటే పాతవి. నేతన్న చౌక్ దగ్గర చాయ్ హోటల్లో గాజు గ్లాసులు తీసేసి కాగితం కప్పులు పెట్టిన రోజున అలిగి, హోటలాయన బతిమాలేదాకా ఆ దిక్కు పోలేదు. పోయాక కూడా తన గ్లాసు తనే జేబులో పెట్టుకుని పోయాడు.

ఇలాంటి మనిషి నెత్తిన 2017లో, ప్రభుత్వం ఆడవాళ్లకు పంచే బతుకమ్మ చీరలు పడ్డాయి. అప్పటిదాకా షెడ్డులో నడిచేది లంగబట్ట, సాదా పాలిస్టర్. సాదా బట్టకు కళ్లు సగం మూసుకుని కూడా పని చేయొచ్చు. ఒక్క మనిషే అటూ ఇటూ తిరుగుతూ అర డజను పైగా సాంచాలు చూసుకుంటాడు. పోగు తెగితే అతుకుతాడు, కండె అయిపోతే మారుస్తాడు, మధ్యలో ఫోన్లో పెండ్లి సంబంధం కూడా మాట్లాడతాడు. ఆ ఏడు ఆర్డరు ఆలస్యంగా రావడంతో సగం చీరలు సూరత్ నుంచి తెప్పించారు. అవి చూసి ఆడవాళ్లు అక్కడక్కడా కుప్పపోసి తగలబెట్టారు. ఇక మొత్తం చీరలూ సిరిసిల్ల సాంచాల మీదే నేయాలన్నారు. సాదా సాంచాకు డిజైన్ తెచ్చే డాబీ తగిలించాలి, అంచులో జరీ రావాలి. చీర 6.30 మీటర్లు, పెద్దవాళ్లు కట్టేదైతే 9 మీటర్లు. లంగబట్టలో ఒక పోగు తప్పిపోతే లోపల కట్టుకునేదే కదా, ఎవరూ చూడరు. చీర అంచులో పోగు తప్పితే ఊరంతా చూస్తుంది.

ఆ రోజు ఆసామి షెడ్డుకొచ్చి, సాంచాలు ఆపించి, ప్రసంగం చేశాడు. "కాలం మారింది. మనం గూడ మారాలె. ఇగ మీరంత డాబీ నేర్వాలె. మీకు పూర్తి అధికారం ఇస్తున్న. మీకు తోచినట్టు చేయుండ్రి."

కండెలు చుట్టే పెద్దక్క అడిగింది. "మంచిదే తమ్మీ. నేర్సుకునే దినాలకు కూలెవ్వరిస్తరు?"

ఆసామికి సరిగ్గా అప్పుడే చాయ్ గుర్తొచ్చింది.

ఆమె అడిగిన ప్రశ్న చిన్నదేం కాదు. ఇక్కడ కూలి మీటరు లెక్క. సాంచా ఆగిన ప్రతి నిమిషం కార్మికుడి జేబులోంచి పోతుంది. కొత్త పని నేర్చుకునేటప్పుడు సాంచా ఆగుతూనే ఉంటుంది. ఎనిమిది గంటలు నిలబడి రెండు చీరల బట్ట కూడా దిగకపోతే, ఆ రోజు నేర్చుకున్న పాఠానికి ఫీజు ఇంట్లో బియ్యం కట్టాలి. నాయకత్వం మీద నగరాల్లో ఏసీ హాళ్లలో పాఠాలు చెప్పే పెద్దమనుషులు ఈ లెక్క బోర్డు మీద వేయగా నేను చూడలేదు. వాళ్ల ముందు కూర్చునేవాళ్లకు నెల జీతం ఉంటుంది, మధ్యాహ్నం భోజనం కూడా.

ఆసామి చాయ్ తాగొచ్చేసరికి షెడ్డులో ప్రభుత్వం మారిపోయింది. భివండిలో పని చేసి, ఇక్కడ చీరల పని ఉందని తిరిగొచ్చిన పిలగాడొకడు డాబీ విప్పి నేల మీద పరిచాడు. మిగతావాళ్లు చుట్టూ గొంతుక్కూచున్నారు. పెద్దక్క అంచు పట్టుకుని వెలుగుకు చూసి, "ఇగో ఈడ తప్పింది, మల్ల కట్టు" అంటోంది. ఆసామి చేయి పెట్టబోయాడు. "జర బయట కూసో తమ్మీ, మేం జూసుకుంటం" అంది. ఆయన నిజంగానే బయట కూర్చున్నాడు. యజమాని అనే జాతిలో ఈ గుణం ఎంత అరుదో, ఎక్కడైనా ఉద్యోగం చేసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇంకొక పని కూడా చేశాడు, అది మాత్రం దొంగచాటుగా. మొదటి వారాల్లో మీటర్లు దిగనప్పుడు మనిషికింత ఇచ్చి, బాకీల పుస్తకంలో ముక్కుతూ మూలుగుతూ రాసుకున్నాడు. బతుకమ్మ పోయింది, దసరా పోయింది, దీపావళి పోయింది. ఆ బాకీ పట్టుకోలేదు. ఎవరైనా గుర్తు చేస్తే "పుస్తకం దొరుకుతలేదు" అంటాడు. పుస్తకం ఆయన చొక్కా జేబులోంచి తొంగిచూస్తూనే ఉంటుంది. ఈ సంగతి భార్యకు చెప్పొద్దని షెడ్డు మొత్తం చేత ఒట్టు వేయించుకున్నాడు. బయట మాత్రం, "నేను దగ్గరుండి నేర్పిన" అని చౌక్‌లో చెప్పుకుంటాడు.

ఆయన బావ కోరుట్లలో బీడీల టేకేదారు. ఆయనా "మారాలె" పార్టీయే, కాకపోతే ఆయన దగ్గర పుస్తకం పోదు. 2016లో కట్టల మీద హెచ్చరిక బొమ్మ 85 శాతం ఉండాలన్నప్పుడు కార్ఖానాలు కొన్నాళ్లు మూతపడ్డాయి. బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆయన ధైర్యం పంచాడు, అది ఖర్చులేనిది గనుక. వెయ్యి బీడీలకింత అని కూలి తీసుకునేవాళ్లు ఆ ధైర్యాన్ని ఏ పొయ్యి మీద వండుకోవాలో ఆయన చెప్పలేదు.

ఆసామి బామ్మర్ది జగిత్యాల డిపోలో కండక్టరు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక, కొండగట్టు బస్సులో ఆధార్ కార్డులు చూస్తూ, జీరో టికెట్లు కొడుతూ, వెనక సీటు దాకా పోయి తిరిగొచ్చేసరికి చొక్కా గుండీ ఒకటైనా తక్కువ పడుతోందని పండగకు వచ్చినప్పుడల్లా ఏడుస్తాడు. పెద్దక్క ఒకసారి విని, "నీకు చొక్క చినిగితే జీతం కోస్తరా బిడ్డా?" అంది. "కొయ్యరు." "మరి మాకు పోగు తెగితే కోస్తరు" అని కండె మీదికి వంగింది. ఆ పండక్కి బామ్మర్ది మళ్లీ గుండీల మాట ఎత్తలేదు.

2023 చివర్లో ప్రభుత్వం మారింది. 2024లో బతుకమ్మ చీర ఆగింది, పాత బకాయిలు రాలేదు, సాంచాలు ఆగిపోయాయి. ఆసామి గొంతు మాత్రం తగ్గలేదు, నిశ్శబ్దంలో కూడా అరుస్తూనే ఉన్నాడు. కొందరు మళ్లీ భివండి బస్సెక్కారు. ఆ పిలగాడు కూడా మూట కట్టుకుంటే, ఆసామి అడ్డం నిలబడి, "డాబీకి నూనె వెయ్యకపోతే తుప్పు పడ్తది, నువ్వే వెయ్యాలె" అని ఆపాడు. నడవని సాంచాకు రోజూ నూనె వేయించి రోజూ కూలి ఇచ్చిన మనిషిని సిరిసిల్ల అంతటా పిచ్చోడన్నారు. తర్వాత స్వశక్తి సంఘాల మహిళలకు ఇందిరమ్మ చీరల ఆర్డరు వచ్చింది. షెడ్డు గోడ మీద ముఖ్యమంత్రి ఫోటో మారింది, మేకు అదే. ఊళ్లో మొదట కదిలిన సాంచాల్లో ఆయనవి ఉన్నాయి. "నేను ముందే ఊహించిన" అన్నాడు. నూనె సంగతి ఎవరూ ఎత్తలేదు.

మొన్న చేనేత జౌళి శాఖ నుంచి ఒక సారు షెడ్డు చూడ్డానికొచ్చాడు. కార్మికులకు ఇంత తొందరగా కొత్త డిజైన్ ఎట్లా వచ్చిందని అడిగితే ఆసామి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "అంత మన ట్రైనింగే సార్!"

"అట్లనా? ఈ అంచు డిజైన్ మార్చాలంటే డాబీలో ఏది మార్చాలె? ఒకసారి చూపెట్టండి."

ఆసామి డాబీ వైపు చూశాడు. డాబీ ఆయన వైపు చూసింది. జేబులోంచి గాజు గ్లాసు బయటికి తీశాడు.

"అక్కా, సారుకు జర నువ్వు చూపెట్టు. నేను చాయ్ చెప్పొస్త."

ఆమె నవ్వాపుకుంటూ లేచింది. "రాండ్రి సారూ. ఆయన లేకుంటెనే తొందరగ అయితది."