అప్పు సరే, చోటేదీ?

తోపుడుబండికి క్రెడిట్ కార్డొచ్చింది! 2025 ఆగస్టులో కేంద్రం, వీధి వ్యాపారులకు అప్పులిప్పించే పీఎం స్వనిధి పథకాన్ని 2030 మార్చి దాకా పొడిగించినప్పటి నుంచి ఇదే ముచ్చట. మొదటి అప్పు 10,000 నుంచి 15,000కు పెరిగింది. రెండో అప్పు తీర్చేస్తే యూపీఐతో వాడుకునే రూపే కార్డు. ఫోన్లో డబ్బు తీసుకుంటే 1,600 దాకా క్యాష్‌బ్యాక్. జామకాయలమ్మే ఆవిడ ఎయిర్‌పోర్టు లాంజ్‌లో కూర్చుని కాయకు ఉప్పూకారం అద్దడమొక్కటే తరువాయి.

అప్పివ్వడం తప్పని ఎవరూ అనరు. పొద్దున తొమ్మిది వందలు చేతిలో పెట్టి, చీకటి పడేసరికి వెయ్యి వసూలు చేసుకునే వడ్డీ వ్యాపారి నుంచి బయటపడితే అంతకన్నా కావలసిందేముంది? 2015లో విజయవాడ కాల్‌మనీ వడ్డీల బాగోతం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే చిన్న సందేహం. అప్పు తెచ్చి సరుకు దించుకున్నాక బండి ఎక్కడ పెట్టుకోవాలి?

గుర్తింపు కార్డు లేనివాళ్లకు మున్సిపాలిటీయే సిఫారసు లేఖ ఇస్తుంది. ఫలానా ఆవిడ మా ఊళ్లో వీధి వ్యాపారం చేసుకుంటోందని అందులో సారాంశం. దాన్ని చూసే బ్యాంకు అప్పిస్తుంది. ఆ తర్వాత ఏ మంత్రిగారి పర్యటనో ఖరారైతే అదే మున్సిపాలిటీ లారీ వచ్చి, ఎవరు నువ్వు, ఇక్కడెందుకున్నావని అడుగుతుంది. పై అంతస్తు ఫైల్లో ఆమె లబ్ధిదారు, కింద రోడ్డు మీద ఆక్రమణదారు.

లారీ పని పద్ధతిగా సాగుతుంది. ముందు కాటా ఎక్కుతుంది, తర్వాత గొడుగు, ఆపైన టమాటా ట్రే. పక్కకు ఒరిగిన ట్రేలోంచి కాయలు దొర్లి లారీ చక్రాల కిందే నలుగుతాయి. బండి గోడౌన్‌కు చేరుతుంది. కిస్తీ మాత్రం తప్పదు. బండి తాళంలో ఉన్న నెల కూడా బ్యాంకు లెక్కలో నెలే. చలానా కట్టడానికి ఆమె మళ్లీ ఆ తొమ్మిది వందలవాడి దగ్గరికే వెళ్తుంది. దీన్ని స్వావలంబన అంటున్నారు.

వ్యంగ్యం చాలు. దేశంలో 2014 నుంచి వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే ముగించి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదని అందులో రాసి ఉంది. తరలించాలంటే 30 రోజుల నోటీసివ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా రాసివ్వాలి. యజమాని వచ్చి అడిగితే పాడయ్యే సరుకు ఆ రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. ఆ టమాటాలకు జాబితా ఎవడు రాశాడు? పొట్టకూటి కోసం నిలబడ్డ మనిషి సరుకును రసీదు ఇవ్వకుండా ఎత్తుకుపోతే అది దోపిడీ. లారీ మీద ప్రభుత్వ ముద్ర ఉన్నంత మాత్రాన దానికి ఇంకో పేరు రాదు.

2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్‌లో భోజనాలు పెట్టే ఆవిడ బండి తీసేయమన్నారు. యూట్యూబ్ పుణ్యమా అని ఆవిడ అప్పటికే ఊరంతా తెలిసిన మనిషి. గొడవ ముఖ్యమంత్రి దాకా వెళ్లింది, ఆయన చెప్పాక బండి నిలబడింది. సంతోషమే. మరి యూట్యూబ్‌లోకి ఎక్కని మిరపకాయ బజ్జీల బండి ఎవరితో చెప్పించుకోవాలి?

తక్కిన పథకాల సంగతీ అంతంతే. చేతివృత్తులవాళ్ల కోసం పెట్టిన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులున్నాయి, చీరాలలో, పోచంపల్లిలో మగ్గం మీద కూర్చున్న నేతన్న వాటిలో లేడు. ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన మంగలికి మాత్రం రోజుకు 500 ఇచ్చి అదే పనిలో శిక్షణ ఇస్తారు.

స్వనిధి మేళా వేదికల మీద చెక్కు పట్టుకుని ఫొటో దిగే ముందు మున్సిపల్ కమిషనర్ గారు మైకులో మూడు విషయాలు చదవాలి. చట్టం ప్రకారం కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాల్సిన వెండింగ్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? అయిదేళ్లకోసారి చెయ్యాల్సిన సర్వే ఎప్పుడు చేశారు? అప్పిచ్చిన ఎన్ని బండ్లకు చోటు చూపించారు? జవాబు లేకపోతే చెక్కు పక్కన పెట్టి, ముందు గోడౌన్ తాళం తీయించాలి.