ముఖ్య అతిథి రాకపోతే రంగు ఎండదా?

మన హైదరాబాద్‌లో చిత్రకళా ప్రదర్శన చూడాలంటే ముందు దాని ఫ్లెక్సీ చూడాలి. నడిమధ్యలో ముఖ్య అతిథి, రెండు చేతులూ జోడించి. చుట్టూ విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. వీళ్లలో ఎవరు ఎవరికన్నా ఎక్కువో పిలిచినవాళ్లకే తెలీదు గనక ఫొటోలన్నీ స్కేలు పెట్టి కొలిచి ఒకే సైజులో వేస్తారు. కింద ఒక వెంచర్ ప్రకటన, ఒక పళ్ల డాక్టరు. అట్టడుగున, సెల్ నంబరు పక్కన ఇరుక్కుని, చిత్రకారుడి పేరు. బొమ్మ సాధారణంగా ఉండదు. ఉన్నా అది నైరూప్యమైతే డీటీపీ కుర్రాడు తలకిందులుగా పెడతాడు. ప్రారంభోత్సవానికి వచ్చిన వాళ్లెవరూ కనిపెట్టరు. కనిపెట్టిన ఒక్కడూ, అంటే గీసినవాడు, శాలువా కప్పించుకునే వరుసలో ఉంటాడు కాబట్టి కిక్కురుమనడు.

నిజానికి చిత్రకారులు తమ ప్రదర్శన తామే పెట్టుకునే అలవాటు పుట్టిందే ఈ పెద్దమనుషుల బెడద వదిలించుకోవడానికి. పారిస్‌లో సలోన్ అనే పెద్ద ప్రదర్శన జ్యూరీ బొమ్మల్ని వెనక్కి కొడుతుంటే, 1884లో కడుపుమండినవాళ్లు జ్యూరీ వద్దు, బహుమతులూ వద్దని వేరు కుంపటి పెట్టారు. నైరూప్య చిత్రాలకైతే అసలు వేరే దారే లేదు. ఏ మ్యూజియమూ గుమ్మం తొక్కనివ్వని రోజులు.

1915 డిసెంబరు, పెట్రోగ్రాడ్. ఓ పక్క ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఇవాన్ పూనీ, క్సేనియా బొగుస్లావ్‌స్కాయా అనే చిత్రకార దంపతులు పూనుకుని '0,10' అనే ప్రదర్శన పెట్టారు. అందులో మలేవిచ్ అనే చిత్రకారుడు తెల్ల నేల మీద నల్ల చదరం ఒకటి గీసి, దాన్ని అందరి బొమ్మల్లా గోడకు కాకుండా రెండు గోడలు కలిసే మూలన, పైకప్పుకు దగ్గరగా బిగించాడు. రష్యన్ల ఇళ్లలో అది దేవుడి పటం పెట్టే మూల. మన లెక్కలో ఈశాన్యం అనుకోండి. ఈశాన్యంలో బాత్రూం పడిందని కొత్త గోడ కూలగొట్టించే జాతి మనది. ఉప్పల్ భగాయత్‌లో ప్లాటు కొన్న ఆసామిని ఆపి, 'మీ ఈశాన్యం మూల నల్ల పలక వేలాడదీస్తాం, అది కళ' అని చెప్పి చూడండి. మలేవిచ్‌కు నేనిచ్చే మెప్పుల్లో ఇదే పెద్దది: ఆయన వాస్తు పండితుణ్ణి అడగలేదు.

అలాగని చిత్రకారులంతా ధర్మరాజులేం కాదు. 1917లో న్యూయార్క్‌లో స్వతంత్ర కళాకారుల సొసైటీ జ్యూరీ లేదు, బహుమతి లేదు అంటూ పారిస్ మాటే మళ్లీ చెప్పింది. ఆరు డాలర్లు కట్టిన ఎవరి పనైనా పెడతామంది. పెద్దా చిన్నా గొడవ లేకుండా అక్షరక్రమంలో వేలాడదీస్తామంది. 'ఎ' తో మొదలుపెడితే అదీ పక్షపాతమేనని చీటీ తీశారు కూడా, 'ఆర్' వచ్చింది. ఇంత నిష్ఠగా ఉన్నవాళ్ల దగ్గరికి ఆర్. మట్ అనే పేరుతో, ఆరు డాలర్లతో సహా ఒక మూత్రశాల తొట్టి వచ్చింది. కమిటీ కూర్చుంది, చర్చించింది, కుదరదంది. పంపినవాడు దుషాం అనే కళాకారుడు. ఆయన ఆ సొసైటీ డైరెక్టర్లలో ఒకడు. రాజీనామా చేసి పోయాడు. జ్యూరీ లేదని చాటినవాళ్లు అంతలోనే జ్యూరీ అయి కూర్చునే ఈ విద్య మన కళా సంఘాలకు ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చేసింది.

అదే న్యూయార్క్‌లో 1936లో నైరూప్య చిత్రకారులు సొంత సంఘం కట్టుకున్నారు. 1940లో ఆధునిక కళా మ్యూజియం గేటు ముందు నిలబడి, అసలు మీ మ్యూజియం ఏపాటి ఆధునికమని కరపత్రాలు పంచారు. 1951లో మరికొందరు చిత్రకారులు తొమ్మిదో వీధిలో, కూల్చివేతకు సిద్ధంగా ఉన్న ఖాళీ భవనం అద్దెకు తీసుకుని తమ ప్రదర్శన తామే పెట్టుకున్నారు. గోడలకు సున్నం కొట్టింది వాళ్లే. పోస్టరు వేసింది ఫ్రాంజ్ క్లైన్, అంటే బొమ్మలు వేసినవాడే. ఆ పోస్టరు మీద పేర్లున్నాయి. అన్నీ కళాకారుల పేర్లు!

మనవాళ్ల సంగతికి వద్దాం. 1963లో ఢిల్లీలో 'గ్రూప్ 1890' అని పన్నెండు మంది ప్రదర్శన పెట్టారు. భావ్‌నగర్‌లో వాళ్లు కలుసుకున్న ఇంటి నంబరే ఆ పేరు. నాయకుడు స్వామినాథన్. కేటలాగుకు ముందుమాట రాసింది మెక్సికో రాయబారిగా ఉన్న కవి ఆక్టావియో పాజ్. ఆ పన్నెండు మందిలో ఒకరు రెడ్డప్ప నాయుడు, మద్రాసులో చేనేత సేవా కేంద్రంలో పనిచేసిన మనిషి. ప్రారంభించింది సాక్షాత్తూ ప్రధాని నెహ్రూ. ఆ తర్వాత ఆ గుంపు మరో ప్రదర్శన పెట్టనే లేదు. అది ముఖ్య అతిథి మహిమే అని నేననను. అనాలని మాత్రం ఉంది.

మూడేళ్లకు మద్రాసులో చిత్రకారుడు పణిక్కర్ చుట్టూ చేరినవాళ్లు ఇంకా గట్టి పని చేశారు. బాతిక్ బట్టలు, చేతిపనుల సామాన్లు చేసి అమ్మి, ఆ డబ్బుతో సముద్రం ఒడ్డున స్థలం కొని, 1966లో చోళమండలం అనే ఊరే కట్టుకున్నారు. ఎసైన్డ్ భూమి కోసం ఎవరి చుట్టూ తిరగలేదు. ఆ పణిక్కర్ దగ్గరే చదువుకున్న గుడివాడ కుర్రాడు ఎస్.వి.రామారావు లండన్ స్లేడ్ స్కూలు దాకా వెళ్లి నైరూప్య చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. గుడివాడ అనగానే మనకు వేరే పేర్లు గుర్తొస్తాయి, దానికి ఆయనేం చేస్తాడు.

ఇక మన నగరం తూర్పు వైపు. హైదరాబాద్‌లో కళ అంటే పడమర. స్టేట్ ఆర్ట్ గ్యాలరీ మాదాపూర్‌లో, డబ్బున్న గ్యాలరీలు బంజారాహిల్స్‌లో. అద్దె కట్టలేక ఉప్పల్ దాటి పీర్జాదిగూడలో కాపురమున్నవాడు కాన్వాసు చుట్ట చంకన పెట్టుకుని ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం వైపు పోవాల్సిందే. అక్కడ హాలు దొరకాలంటే డేటు దొరకాలి, డేటు దొరకాలంటే అతిథి డైరీ ఖాళీగా ఉండాలి. ఈలోగా కాన్వాసు మీద బూజు పడుతుంది.

పీర్జాదిగూడ జనానికి నైరూప్యం అర్థం కాదంటారు. ఈ మాటన్నవాళ్లు వరంగల్ రోడ్డు మీద ఒక్కసారి నిలబడాలి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా పైవంతెనకు 2018లో శంకుస్థాపన చేశారు. ఏళ్ల తరబడి పైన వంతెన లేదు, కింద పిల్లర్లున్నాయి. ఏ పిల్లరు దగ్గరికైనా వెళ్లి చూడండి. హాస్టల్ పోస్టరు మీద మొలల వైద్యుడి పోస్టరు, దాన్ని సగం చించి అంటించిన జన్మదిన శుభాకాంక్షలు, అందులోంచి మిగిలిన ఒక నాయకుడి చెవి, అర మీసం. చెవి పక్కనుంచి కిందికి జారిన గుట్కా ఎరుపు, ఆ పైన లారీ చిమ్మిన బురద ఎండి వచ్చిన బూడిద రంగు. దీన్ని రోజూ రెండు పూటలా ట్రాఫిక్‌లో నింపాదిగా చూసిన జనం 'దీనికి అర్థమేంది?' అని ఏ ఆఫీసునూ నిలదీయలేదు. ఆ ప్రశ్నంతా దాచి దాచి, ఫ్రేములో ఉన్న నీలం రంగు మీద వాడతారు.

కాబట్టి నా పథకం చిన్నది. ఇదే దారిలో మేడిపల్లి దాకా సర్వీసు రోడ్డులో 'టులెట్' బోర్డున్న షెటర్ ఒకటి నెల రోజులకు తీసుకుని మన ప్రదర్శన మనమే పెట్టుకోవడం. చందా అందరికీ ఒకటే. వరుస చీటీ తీసి. మన అదృష్టానికి మొదటి చీటీ 'ఱ' వస్తుంది, వచ్చినా సరే. కొబ్బరికాయ కొట్టాలనుకున్నవాళ్లు కొట్టుకుని చిప్ప ఇంటికి తీసుకుపోవచ్చు. మైకు ఉండదు.

ఒకే ఒక్క గండం షెటర్ ఓనరు. పెయింటింగుల కోసమని చెప్పగానే ఆయన మొహం వెలుగుతుంది. 'మంచి బిజినెస్ అన్నా. ఏషియనా, బర్జరా?'