ఒక్క సరుకుకు వేయి నామాలిచ్చిన దేవరా!

ఆన్‌లైన్ అంగడి దేవరా, పెనుగొండ నుంచి నీకు వేయి దండాలు. ఇది వర్తకులు తలవంచి వచ్చే ఊరు. వాసవీ కన్యకా పరమేశ్వరి పుట్టిన చోటని, 102 గోత్రాలవారు అమ్మవారితో పాటు అగ్నిప్రవేశం చేసిన చోటని ఆర్యవైశ్యులు కొలిచే ఊరు. సరుకు ఎక్కడ పెట్టాలో, అడిగినవాడికి ఎలా అందించాలో తరతరాలుగా తెలిసిన ఊరు. ఇక్కడ నిలబడి నిన్ను పొగడాలంటే తెగువ కావాలి. అయినా నీ మహిమలు చూశాక నోరు ఊరుకోవడం లేదు.

ముందుగా నీ ఔదార్యం. విష్ణుమూర్తికి వేయి నామాలతో సరిపెట్టారు మన పెద్దలు. నువ్వు నరసాపురం లేసు టేబుల్ క్లాతుకు కూడా అంత వైభవం కలిగించావు. ‘లేసు’ విభాగంలోంచి తెరిస్తే దానికి ఒక లింకు. ‘ఇంటి అలంకరణ’లోంచి వస్తే ఇంకో లింకు. ‘పెళ్ళి కానుకలు’లోంచి వస్తే మూడోది. ప్రకటన నొక్కి వస్తే, ఆ ప్రకటన తాలూకు తోక తగిలించుకుని నాలుగోది. నాలుగు చోట్లా అదే బొమ్మ, అదే ధర, అదే అల్లిక. కొన్నవాళ్ళలో ఒకరు మొదటి లింకు చుట్టాలకు పంపితే, ఇంకొకరు మూడోది పంపుతారు. ఆ సరుకుకు రావలసిన మంచిపేరు నాలుగు ముక్కలవుతుంది. దానం చేసే చెయ్యి లెక్క చూసుకోదంటారు కదా!

విభాగం పేజీ దగ్గర నీ సృష్టిశక్తికి బ్రహ్మ కూడా చేతులు జోడించాలి. 10 రంగులు, 6 సైజులు, 5 ధరల మెట్లు ఫిల్టర్లుగా పెట్టావు. ధర తక్కువ నుంచి, ఎక్కువ నుంచి, కొత్తవి ముందు, బాగా అమ్ముడైనవి ముందు అని 4 వరుసలు చూపావు. ఏ ఫిల్టరూ ఎంచుకోకపోవడాన్ని కూడా ఒక ఎంపికగా లెక్కేస్తే 11ను 7తో, దాన్ని 6తో, ఆపైన 4తో గుణించాలి. మొత్తం 1848 పేజీలు. ఇదంతా ఒక్కో ఫిల్టరులో ఒక్కటే ఎంచుకున్నప్పటి మాట. ముందు రంగు నొక్కి తర్వాత సైజు నొక్కితే ఒక చిరునామా, సైజు ముందైతే ఇంకొకటి ఇచ్చే నీ లీల ఇందులో కలపనే లేదు. విభాగంలో ఉన్న లేసు రకాలు 40 అనుకున్నా, వాటికోసం ఇన్ని పేజీలు కట్టావు. చాలా పేజీల్లో ఒక్క సరుకూ ఉండదు. అయినా తలుపులన్నీ తెరిచే ఉంటాయి.

అతిథి మర్యాదలోనూ నీకు సాటి లేదు. పేజీలు చదివి రమ్మని గూగుల్ పంపే యంత్రం నీ గడప తొక్కిందంటే చాలు, ఈ 1848 గదులూ తిప్పుతావు. ప్రతి అంగడిలోనూ అది కొంతసేపే ఉంటుంది. ఆ కాస్త సమయమూ ఖాళీ గదుల్లోనే గడిచిపోయేలా చూస్తావు. నిన్న కొత్తగా పెట్టిన సరుకు పేజీ దాని కంట పడటం ఆలస్యమైనా, మర్యాదకు లోటు రానివ్వవు. మిగిలిన సరుకును ‘ఇంకా చూడండి’ అనే బటన్ వెనక దాచావు. ఆ యంత్రం లింకు పట్టుకుని నడుస్తుందే తప్ప బటన్ నొక్కదు. లోపల ఏముందో దానికి తెలియనివ్వని నీ గుట్టు గొప్పది.

ఇలాంటి చిక్కుకే 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి ‘కెనానికల్’ అనే గుర్తును తెచ్చాయి. ఒకే సరుకుకు నాలుగు చిరునామాలుంటే అందులో అసలుది ఇదీ అని చెప్పే గుర్తు అది. నువ్వు దాన్నీ వాడావు. ఎలాగంటే, విభాగంలోని రెండో పేజీకి, మూడో పేజీకి కూడా మొదటి పేజీయే అసలని రాసిపెట్టావు. మూడో పేజీలో మొదటి పేజీలో లేని సరుకులున్నాయని నీకు తెలుసు. అయినా పెద్దరికం మొదటి పేజీకే కట్టబెట్టావు.

నీ పాండిత్యాన్ని ఎంత పొగిడినా తక్కువే. మా వాళ్ళు ఆవకాయ అని వెతికితే నువ్వు దాన్ని ‘సాస్‌లు, స్ప్రెడ్‌లు’లో కూర్చోబెట్టావు. పూతరేకులను ‘డెజర్ట్స్’లో పెట్టి, దాని కింద ‘ట్రెడిషనల్’, దాని కింద ‘రీజనల్’, దాని కింద ‘సౌత్’ అని మెట్లు కట్టావు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లోనూ, నరసాపురం లేసుకు 2024లోనూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు సరుకుకు చట్టం కాపాడే ఆస్తి అయింది. ఆ ఊరి పేరు మాత్రం నీ మెట్లలో ఎక్కడా కనపడదు. పైగా పూతరేకులను ఇంగ్లీషు అక్షరాల్లో ఒకచోట రెండు ‘ఓ’లతో, ఒకచోట ‘యు’తో, ఒకచోట ‘టి’తో, ఇంకోచోట ‘టి’ పక్కన ‘హెచ్’తో రాసి, ఒక్క మిఠాయికి నాలుగు విభాగాలు తెరిచావు.

భూగోళం మీద నీకున్న పట్టు మరీ గొప్పది. పశ్చిమ గోదావరిలో పెనుగొండ, రాయలసీమలో పెనుకొండ. ఇంగ్లీషులో రాస్తే ఒక్క అక్షరం తేడా. ఒక ఊరి పిన్‌కోడ్ 534తో, రెండో దానిది 515తో మొదలవుతుంది. ఆ మూడు అంకెలు చూడటం నీ హోదాకు తక్కువని, రెండు ఊళ్ళనూ ఒకే పేజీకి కట్టేశావు. అమ్మవారి గుడికి కావలసిన పట్టుచీర కోసం వెతికేవారిని కియా కార్ల ఫ్యాక్టరీ దగ్గరున్న ఊరికి తీసుకుపోగల సమర్థత ఇంకెవరికుంది?

అన్నిటికన్నా నీ వైరాగ్యం చూసి చెయ్యెత్తి మొక్కాలి. ఆత్రేయపురం సరుకు చిరునామాలో ‘తూర్పు గోదావరి’ అని జిల్లా పేరు ఇరికించావు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రం 13 జిల్లాల నుంచి 26 జిల్లాలైంది, ఆత్రేయపురం కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది. నువ్వు చిరునామా మార్చేశావు. పాత చిరునామా దగ్గర ‘ఇటు వెళ్ళండి’ అన్న సూచన మాత్రం పెట్టలేదు. అంతకుముందు ఎందరో దాచుకున్న లింకులు, పంపుకున్న లింకులు ఒక్క రాత్రిలో చచ్చిపోయాయి. వాసవీ జయంతి వైశాఖ శుద్ధ దశమికి ప్రతి ఏడూ వస్తుంది. నువ్వు ప్రతి ఏడూ కొత్త పేజీ తెరిచి, పాతది పారేస్తావు. పోయిన ఏడు కూడబెట్టిన పేరంతా నీటిపాలు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే మంచి చిరునామా మారదని రాశాడు. అంతటివాడి మాటను కూడా పట్టించుకోని నీ నిర్మోహం ఋషులకు లేదు.

ఇక పొగడ్త చాలు. నీ మీద ఇంత కోపం ఎందుకో తిన్నగా చెబుతాను.

మా వైపు కొట్టులో రెండు పుస్తకాలుండేవి, చిట్టా, ఆవర్జా. ఏ రోజు జరిగింది ఆ రోజు చిట్టాలో పడుతుంది. ఆవర్జాలో మాత్రం ఒక్కో ఖాతాకు ఒక్కటే పుట. చిట్టాలో రాసిన ప్రతి పద్దు పక్కనా ఆ పుట అంకె వేస్తారు. మనిషి ఎన్నిసార్లు వచ్చినా, ఏ దారిన వచ్చినా, అతని పుట ఒక్కటే. ఏడాది మారి కొత్త పుస్తకం తెరిస్తే పాత నిలవను కొత్త పుటలోకి తెచ్చి రాస్తారు. నిలవ తేకుండా కొత్త పుస్తకం మొదలుపెట్టిన గుమాస్తాకు మర్నాడు కొట్లో పని ఉండేది కాదు.

నీ అంగడికి కావలసింది ఈ క్రమశిక్షణే. సరుకు చిరునామా ఆవర్జా పుట లాంటిది, పొట్టిగా, ఒక్కటే ఉండాలి. అందులో విభాగం పేరు, జిల్లా పేరు, సంవత్సరం ఇరికించకు. అవి రేపు మారతాయి, సరుకు మారదు. లేసు, ఇంటి అలంకరణ, పెళ్ళి కానుకలు అన్న మూడు విభాగాల్లోనూ ఆ టేబుల్ క్లాతును చూపించు, మూడింటి నుంచీ ఆ ఒక్క పుటకే దారి వెయ్యి. చిరునామా మార్చక తప్పకపోతే ‘301’ అనే శాశ్వత మళ్ళింపు పెట్టు. అదే పాత నిలవను కొత్త పుస్తకంలోకి తేవడం. సరుకు పూర్తిగా అయిపోయి ఇక రాదంటే ఆ మాటే నిజాయితీగా చెప్పు, అందరినీ ముందు పేజీకి తోసేయకు. పండగలకు ఒక్కో పేజీ చాలు, ఏటా దాన్నే అలంకరించు.

ఫిల్టర్లు వద్దనడం లేదు. రంగు, పరిమాణం, ముడిసరుకు అంటూ ఒక వస్తువును పలు కోణాల్లో వర్గీకరించే ఆలోచనకు మన దేశంలోనే గట్టి పునాది పడింది. 1933లో ఎస్.ఆర్. రంగనాథన్ ‘కోలన్ వర్గీకరణ’ తెచ్చారు. అంతకు రెండేళ్ళ ముందే, చదివేవాడి కాలం ఆదా చెయ్యాలని గ్రంథాలయాలకు సూత్రం రాశారు. కొనేవాడి కాలం ఆదా చెయ్యని ఫిల్టరు ఆ సూత్రానికి ద్రోహం. జనం నిజంగా వెతికే కలయికలు కొన్నే ఉంటాయి, ‘తెల్ల లేసు టేబుల్ క్లాత్’ లాంటివి. వాటికి సొంత పేజీ, సొంత చిరునామా, నాలుగు మంచి మాటలు ఇవ్వు. ఏ దారంతో అల్లారు, ఎలా ఉతకాలి, ఎన్ని అడుగుల బల్లకు సరిపోతుంది అన్న మాటలు. మిగతా కలయికలను గూగుల్ యంత్రం కంట పడనివ్వకు. రెండో పేజీ, మూడో పేజీ మామూలు లింకులుగా ఉండనివ్వు.

చిరునామాలో తెలుగు పెడతావా, సంతోషమే. ఒక్క సంగతి తెలుసుకుని పెట్టు. ‘పెనుగొండ’ అన్న మాటలో కంప్యూటరు ఎనిమిది సంకేతాలు లెక్కిస్తుంది. లింకు కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే ఒక్కో సంకేతం తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. ఒక్క ఊరి పేరే 72 గుర్తులు. అందుకని తెలుగైతే ఒకటి రెండు చిన్న మాటలు చాలు, ఇంగ్లీషు అక్షరాలైతే ఒకే వర్ణక్రమం అన్ని చోట్లా వాడు.

ఇదంతా యంత్రాల గొడవ అనుకోకు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ళ మీద 1982లో పుస్తకం రాశారు. ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారు చేస్తున్నా వాళ్ళను పనివాళ్ళుగా కాక ఇంట్లో ఊరికే కూచున్న గృహిణులుగా లెక్కేశారని ఆమె చూపించారు. అప్పుడు దళారీ లెక్కల్లో కనపడని ఆడవాళ్ళు ఇప్పుడు నీ మూడో పేజీలో కనపడకుండా పోతున్నారు. హ్యూస్టన్‌లో ఉన్న తెలుగింటికి నరసాపురం లేసు కావాలి. అల్లిన మనిషికి ఆ డబ్బు కావాలి. ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక చిరునామా. అది నిలకడగా, ఒక్కటిగా, మనుషులు పలికే పేరుతో ఉంటే బేరం కుదురుతుంది, లేకపోతే లేదు. ఆ పని చెయ్యి దేవరా. చేసిన రోజున ఇదే పెనుగొండ నుంచి నిన్ను మళ్ళీ పొగుడుతాను, అప్పుడు ఒక్క మాట కూడా తిరగేసి చదువుకోనక్కర్లేదు.