ఇల్లెవరిదో తెలియాలి

కలిగిరిలో పాత పెంకుటిల్లు పడగొట్టి కొత్త మేడ కట్టారు. స్థలం నాయనది. లెక్క, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకుది. గోడలు లేచేదాకా ఎవరికీ పేచీ లేదు. లోపల సింగారించే దగ్గర మొదలైంది.

నెల్లూరు నుంచి డిజైనరమ్మాయి వచ్చింది. కోడలు ఫోన్లో దాచిపెట్టుకున్న ఇళ్ల బొమ్మలన్నీ ఓపిగ్గా చూసింది. తెల్ల గోడ, బూడిదరంగు సోఫా, మూలన ప్లాస్టిక్ మొక్క, దాని పక్కన బుద్ధుడు. అన్నిట్లో అవే.

"ఇవి ఎవరి ఇళ్లయినా కావచ్చు మేడమ్. నాది ఒకటే రూలు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఇల్లెవరిదో తెలిసిపోవాలి" అంది.

గోడకు జారబడి కూర్చున్న నాయన తలెత్తి చూశాడు. "మంచి మాట చెప్పినావమ్మా" అన్నాడు.

ఆ పిల్ల మాట మీద నిలబడే మనిషే. ఉదయగిరి పోయి, అక్కడి ఆడవాళ్లు నర్ది, బిక్కి చెక్కతో చేసే గరిటెలు, చెంచాలు, ఫోర్కులు కట్టలు కట్టించుకొచ్చింది. వాటికి జీఐ గుర్తింపు కూడా ఉందని చెప్పి, భోజనాల బల్ల వెనక గోడంతా పేర్పించింది. పెట్టెలో మడతపెట్టి ఉన్న అత్తగారి వెంకటగిరి జరీచీరకు అద్దం కట్టించింది. పొగాకు బ్యారన్‌లో ఆకు అల్లి వేలాడదీసే కర్రలు దించి, నున్నగా గీయించి, హాలు నడిమధ్యన దీపాల గుత్తి చేయించింది. బ్యారన్‌లో వేడి చూసుకునే థర్మామీటరు సోఫా పక్కన గోడకెక్కింది. వేలం కేంద్రంలో ఏ ఏడు ఏ ధర పలికిందో నాయన రాసుకున్న పాత నోటుబుక్కులు గాజు అలమరలో చేరాయి.

మేడమెట్ల పక్కన ఉదయగిరి దుర్గం ఫోటో నిలువెత్తున పెట్టింది. "1514లో కృష్ణదేవరాయలు గెలిచిన కోట అంకుల్!"

"ఏలింది గజపతులమ్మా, ఏడాదిన్నర చుట్టుముట్టి పట్టుకుంది రాయలు" అన్నాడు నాయన. "కోటతో ఆగలా. లోపలుండే బాలకృష్ణుణ్ణి గూడా హంపికి తీసకపోయి గుడి కట్టుకున్నాడు. ఏలినోడిదా, పట్టుకున్నోడిదా? కోట ఎవురిదని చెప్తాం?"

అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు.

ఇంత చేసినా ఆ పిల్లకు ఒక్కచోట చిక్కొచ్చి పడింది. సరిగ్గా గుమ్మానికి ఎదురుగోడ మీద నాయన ఒక మేకు కొట్టి క్యాలెండరు తగిలించాడు. అదీ దేవుడి బొమ్మది కాదు, బ్యాంకువాళ్లు ఉట్టికిచ్చింది.

"లుక్ మొత్తం పోతుంది అంకుల్" అని తీసి వంటింటి తలుపు వెనక పెట్టింది. మళ్లీ వచ్చేసరికి ఎదురుగోడ మీదే ఉంది. పైగదికి మార్చింది. అక్కణ్ణుంచీ దిగొచ్చింది.

"తిథీ వారం ఫోన్లో చూసుకోవచ్చు గదా నాయనా" అన్నాడు కొడుకు.

పాల లెక్క రాసుకోవడానికేమో అనుకుని కోడలు చిన్న డైరీ కొనిచ్చింది. డిజైనరమ్మాయి ఇంకో మెట్టెక్కి, కలంకారీ అంచు వేసిన పంచాంగమే చేయించి తెచ్చింది. నాయన కళ్లకద్దుకుని దేవుడి గదిలో పెట్టుకున్నాడు. బ్యాంకు క్యాలెండరు మాత్రం కదల్లేదు.

గృహప్రవేశం రోజు వింజమూరు, దుత్తలూరు, కావలి నుంచి చుట్టాలు దిగారు. గరిటెల గోడ ముందు ఆడవాళ్లు, కర్రల దీపం కింద మగవాళ్లు వంతులేసుకుని సెల్ఫీలు దిగుతున్నారు. డిజైనరమ్మాయి ఫోటోగ్రాఫర్ని వెంటబెట్టుకొచ్చింది. కొడుకు తెల్లారకముందే క్యాలెండరు చుట్టచుట్టి మంచం కింద తోసేశాడు.

ఫోటోగ్రాఫరు గుమ్మంలో నిలబడి కెమెరా ఎత్తాడో లేదో, నాయన పంచె ఎగగట్టి స్టూలెక్కాడు. చంకలో చుట్ట విప్పి మేకుకు తగిలించాడు.

కొడుకు మొహం కందగడ్డయింది. "నాయనా! ఇంతమందిలో పరువు తీస్తుండావే!"

"ఆ పాప ఏం జెప్పింది అబ్బయా? అడుగు పెట్టంగానే ఇల్లెవురిదో తెలియాలనా లేదా?" నాయన స్టూలు మీద నుంచే క్యాలెండరు నెత్తిన ఉన్న పెద్దక్షరాల మీద వేలు పెట్టి, బ్యాంకు పేరు గట్టిగా చదివాడు. "నా స్థలం కాగితాలు వీళ్ల బీరువాలో ఉండాయి. ఇరవై ఏళ్లు నువ్వు కంతులు కట్టాలి. అందాకా ఇల్లు వీళ్లది. ఇంటోళ్ల పేరు లేకుండా ఇన్ని గరిటెలు తగిలిస్తే ఏం లాభం?"

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. నాయన స్టూలు దిగి పంచె దులుపుకున్నాడు.

"మేకు మాత్రం పీకబాకండి. బాకీ తీరి ఇల్లు మనదయ్యే నాటికి, నా ఫోటోకి దండేసి తగిలించను కావాల."