షట్టరు మీది మూడు వాక్యములకు టీకా తాత్పర్యములు

మూలము: “మూడు రోజులు దుకాణము సెలవు. పిల్లలతో అరకు వెళ్లుచున్నాము. అర్జెంటు అయినచో ఫోను చేయగలరు.”

అవతారిక: జంగారెడ్డిగూడెము మెట్టప్రాంతమున, పామాయిలు తోటలకును మొక్కజొన్న చేలకును బోరుబావులే దిక్కైన చోట, కాలిన సబ్‌మెర్సిబుల్ మోటార్లకు రాగితీగ చుట్టి, మరల ప్రాణము పోయు ఒకానొక వైండింగు మేస్త్రీ, వైశాఖమాసమున షట్టరు దించి దానిపై అంటించిన గ్రంథమిది. మూలమున లేనిది వ్రాయనని, అక్కఱలేనిది చెప్పనని ప్రతిన పట్టిన వ్యాఖ్యాత మల్లినాథసూరి మెతుకుసీమవాడు, మనవాడే; అయినను ఆయనకు వైండింగు దుకాణముతో పని పడలేదు గావున ఆ నియమము ఆయనకు చెల్లినది, మాకు చెల్లదు.

ప్రతిపదార్థము: మూడు రోజులు = పోవుటకొకటి, వచ్చుటకొకటి తీసివేయగా మిగిలిన నడిమి దినము; దుకాణము = నిన్ననే యిచ్చెదనని మాట యిచ్చిన మోటార్లు విప్పి పరచియున్న తావు; సెలవు = షట్టరునకు; పిల్లలతో = ఇల్లాలి ఆజ్ఞచేత; అర్జెంటు అయినచో = నీరు తీయని మోటారు గల ప్రతివానికిని; ఫోను చేయగలరు = చేయక మానరు.

విశేషము: వైశాఖముననే యేల? భూగర్భజలము అడుగంటగా మోటారు నడువవలసిన గంటలు పెరుగును. కరెంటు వచ్చిన తోడనే ఊరిలోని బోరులన్నియు ఒక్కమారు కదలుటచే ఓల్టేజి పడిపోవును. పడిపోయిన ఓల్టేజితో అదే బరువు మోయవలసిన మోటారు అధికముగా కరెంటు లాగి వేడెక్కి తీగపూత మాడ్చుకొనును. లేదా మూడు ఫేజులలో ఒకటి పోగా, రెండింటి మీద మూలుగుచు, రైతు గట్టు దిగి వచ్చులోపలనే కాలిపోవును. బడులకు సెలవులును ఆ దినములలోనే. మేస్త్రీకి చేతినిండ పని, పిల్లలకు చేతినిండ తీరిక ఒక్కమారు ప్రాప్తించుట విధివిలాసమనుట కంటె విద్యాశాఖావిలాసమనుట లెస్స.

అరకు: కిరండూలు రైలు శివలింగపురము దాటి, త్యాడ, చిమిడిపల్లి మీదుగా బొర్రాగుహలకు ఎక్కునపుడు సొరంగములందు ఫోను మూగవోవును. కుటుంబము ఆనందించునది సొరంగము వెలుపల. మేస్త్రీ విశ్రమించునది లోపల. కాళిదాసుని యక్షుడు కొలువున ఏమఱి, ఏడాది ప్రవాసము శాపముగా పొంది, రామగిరి నుండి మేఘునిచేత సందేశము పంపుకొనెను. మన మేస్త్రీ ఎన్నడును ఏమఱనివాడగుటచే మూడు దినములే పొంది, కొండ మీద సందేశములు అందుకొనుచున్నాడు.

శంక: పనివానికి తాళములు అప్పగింపరాదా? సమాధానము: పాత కాయిలు కోసి తీయుట కుఱ్ఱవానికి వచ్చును, ఏ కంపెనీ మోటారునకు ఏ గేజి తీగ, ఎన్ని చుట్లు అను రహస్యము మాత్రము మేస్త్రీ జేబులోని నూనెమరకల పుస్తకమున నున్నది, ఆ పుస్తకమును అరకు పోయినది. 1988 నాటి దుకాణముల చట్టము, 240 దినములు పనిచేసిన కుఱ్ఱవానికి మరుసటియేట 15 దినముల జీతపు సెలవు విధించెనే గాని, యజమాని సెలవు విషయమున ఒక్క వాక్యమైనను పలుకలేదు.

ధ్వని: మూడవ వాక్యమున పైకి తోచునది దయ, లోన నున్నది భయము, ఎండుచున్న తోట గలవాడు ఓర్వలేక మోటారును బస్టాండు కడనున్న రెండవ దుకాణమునకు మోసికొనిపోవునని. మా అభిప్రాయమున ఈ భయము సగమే నిజము: పోవుట నిజమే, కాని అచ్చట కట్టిన వైండింగు ఆ వేసవిలోనే మరల కాలినచో, రైతు తిరిగి యిచ్చటికే వచ్చును.

తాత్పర్యము: ఓ రైతులారా, మేము ఊరిలో లేము, అయినను ఉన్నాము. మోటారు పైకి తీయుటకు ముందు ఫ్యూజులు, స్టార్టరు చూచుకొనుడు; తీసినపుడు మాడు వాసన వచ్చినచో మూడు దినములు ఓర్చుకొనుడు; బస్టాండు వైపు మాత్రము పోకుడు.

పాఠభేదము: మూడవ వాక్యము ప్రక్షిప్తమని ఇల్లాలి వాదము. మొదటి రెండును కూతురి స్కెచ్‌పెన్ను వ్రాత, మూడవది బాల్‌పెన్నుతో అడుగున ఇఱికించినది గావున ఆ వాదము త్రోసిపుచ్చరానిది. భాద్రపదమున అన్నవరము వెళ్లిననాటి ప్రతిలో ఈ వాక్యము కానరాదు. అయితే వానలు కురిసి బోరులు కట్టివేసిన ఆ దినములలో దానిని చదువ వచ్చినవాడును లేడు.