గేటు దాకా మ్యాపు, ఆపైన దేవుడు

చిత్తూరు లారీ ఆఫీసుల్లో ఈమధ్య ఒకటే చర్చ: బాడుగల ప్లానింగులోకి మ్యాపు సాఫ్ట్‌వేర్‌ను రానివ్వాలా, వాకిట్లోనే నిలబెట్టాలా? రానిస్తే బండి ఎక్కడుందో, ఎప్పుడు చేరుతుందో నిమిషాలతో సహా చెబుతుందట. నిమిషాలు! మొగిలి ఘాట్ దిగే పది చక్రాల బండికి బ్రేకు పట్టిందా లేదా అన్నదే లెక్క.

అమ్మడానికొచ్చిన కుర్రాడు పలమనేరు నుంచి చిత్తూరుకు తెర మీద నీలం గీత చూపిస్తాడు. "ఇది కారు పోయే దారా, లారీ పోయేదా సామీ?" అంటాడు డ్రైవరు. కుర్రాడు తడుముకోడు. "లారీ దారి ప్రీమియం ప్యాకేజీలో వస్తుంది సార్."

అయినా మనం తేల్చేదేముంది? సర్కారు ఎప్పుడో తేల్చేసింది. ఈ-వే బిల్లు రాస్తే పిన్‌కోడ్లను బట్టి దూరం పోర్టలే వేస్తుంది. 2021 జనవరి నుంచి మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. మామిడి గుజ్జు డ్రమ్ములతో చెన్నై రేవుకు బయల్దేరిన లారీ ఆ గడువులోగా చేరాల్సిందే. దారిలో ఇంజను మొరాయిస్తే గడువు పొడిగించమని మళ్లీ ఆ పోర్టల్‌నే వేడుకోవాలి.

మరి ఆ గుజ్జు కాయగా ఉన్నప్పుడో? తాజా పండ్లకు పన్నూ లేదు, ఈ-వే బిల్లూ లేదు, గడువూ లేదు. 2025 సీజనులో తోతాపురి కాయల ట్రాక్టర్లు జ్యూసు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి బారులు తీరాయి. ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, వెరసి కిలో 12 అని ధర ప్రకటించారు. ధర పేపర్లోకి ఎక్కింది, కాయ కాటా ఎక్కలేదు. తోట నుంచి ఫ్యాక్టరీకి అరగంట దారి అని మ్యాపు చెబితే అబద్ధమేమీ కాదు. గేటు నుంచి కాటా దాకా ఉన్న ఆ వంద గజాలే ఏ ఉపగ్రహానికీ అంతుచిక్కలేదు. రైతు ట్రాక్టరు కిందే పడుకున్నాడు, కాయ ట్రాలీలోనే మగ్గిపోయింది.

మ్యాపు వద్దనేవాళ్ల అసలు భయం దారి తప్పుతామని కాదు, ఆగిన చోట్లన్నీ దొరికిపోతాయని. "బండి బయల్దేరింది సార్" అని యజమాని ఫోన్లో చెబుతుంటే, అది ఇంకా షెడ్డులోనే ఉందని పార్టీకి కనబడుతుంది. డ్రైవరు ఏ దాబాలో కునుకు తీశాడో యజమానికి కనబడుతుంది. ఇక చెక్‌పోస్టు దగ్గర పావుగంట ఎందుకు ఆగిందో చెప్పే సౌకర్యం ప్రీమియంలోనూ లేదు లెండి.

నా ఓటు సాఫ్ట్‌వేర్‌కే, ఒక్క షరతు మీద. గేటు దగ్గర బండి ఎన్ని గంటలు నిలబడిందో అది రాయాలి, ఆ గంటల బాడుగ ఫ్యాక్టరీ కట్టాలి. కలెక్టరు గారూ, వచ్చే తోతాపురి సీజనుకు ముందే ఈ ఒక్క నిబంధన పెట్టించండి.